పద్నాలుగు గంటల చీకటి

2022 మే 21, శనివారం, ఉదయం తొమ్మిదిన్నర. వంటింటి కిటికీలోంచి చూస్తే మా పెరట్లో ఒక మనిషి చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. బయట తొమ్మిది డిగ్రీలు. ఆ అంకె అప్పుడే పుస్తకంలో రాసుకుని ఉన్నాను కాబట్టి గుర్తు. అతను ఎడమ మడమతో నేలని నొక్కాడు. పడిన గుంటని వంగి చూశాడు. చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు.

ఆ ఫిబ్రవరి ఒకటిన మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన దంపతుల్లో భర్త అతను. భార్య ఇక్కడ, కెనడాలోని రెజైనాలో, చదువుకోవడానికి వచ్చింది. దాదాపు నాలుగు నెలల్లో అతను నాతో మాట్లాడిన మాటలు నమస్తే ఆంటీ, పోయొస్త ఆంటీ, అంతే.

నేను తలుపు తీసి, "అబ్బాయ్, అక్కడ కుక్కలు తిరుగుతాయి. ఆ మట్టి నోట్లో పెట్టుకోకూడదు" అన్నాను.

"కుక్కల సంగతి తెల్వది గని ఆంటీ, ఇది మా రేగడే. జర తెల్లబడ్డది, ఈడికొచ్చినంక మన లెక్కనే."

"రేగడి కాదు. బంకమట్టి."

"తడిస్తె కాలు ఇడువది, ఎండితె పగులుతది. మరి రేగడి గాక ఏంది?" అని నవ్వి, జేబులోంచి ఒక పౌడరు డబ్బా తీశాడు. "చిక్కుడు పెట్టుకుంట ఈ కంచె పొంటి. మీరు సరే అంటెనే."

అలా మొదలైంది.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం చెప్పాలి. ఈ ఏప్రిల్ ఆరో తేదీ, ఆదివారం, సాయంత్రం నాలుగుంబావుకి అతని భార్య మిల్టన్ నుంచి ఫోన్ చేసింది. ఆమెకి అక్కడ ఉద్యోగం. ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి కొత్తగా కట్టిన టౌన్‌హౌస్‌లో ఉంటూ, రోజూ రైల్లో టొరంటో వెళ్లి వస్తుంది.

"ఆంటీ, ఈడ ఇంటెన్క రెండు మూరల జాగ ఉన్నది. ఎండ మంచిగొస్తది. ఆయన చిక్కుడు గింజ ఒక్కటన్న ఉన్నదా మీ దగ్గర?"

"లేదమ్మా" అన్నాను.

తర్వాత ఇంకొకటి అడిగింది. "ఆయన మీతోటి ఎన్నడన్న నొస్తుందని అన్నడా ఆంటీ? నాతోటైతె ఒక్కనాడు అనలే. రోజూ మీతోనే గద మాట్లాడేటోడు."

"పాలు పొంగుతున్నాయి తల్లీ, మళ్లీ చేస్తాను" అని పెట్టేశాను. ఆ సాయంత్రం మా పొయ్యి మీద పాలు లేవు. ఈ రోజు పంతొమ్మిది. పదమూడు రోజులైంది, మళ్లీ చేయలేదు. ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి సగం జవాబు చెప్పాను, రెండోదానికి అబద్ధం చెప్పాను. రెండిటికీ సరైన జవాబు కాగితం మీద పెట్టడానికి కూర్చున్నాను.

అతని పేరు రాయను. బతికుండగా కూడా ఇక్కడి తెలుగువాళ్లు అతన్ని పేరుతో పిలిచింది తక్కువే. ఫలానా అమ్మాయి వాళ్లాయన అనేవారు. అతను దాన్ని తప్పు పట్టేవాడు కాదు. "మేడం చదువుతది, నేను డిపెండెంట్‌ను. నా కాయితాల్ల అట్లనే ఉన్నది" అనేవాడు. భార్యని ఎదురుగానూ చాటుగానూ మేడం అనే అనేవాడు. ఆమె "ఏందయ్యా నీ మేడం" అని కసిరేది కానీ, ఆ పిలుపు వినగానే ఆమె మెడ కొంచెం నిటారు కావడం నేను చాలాసార్లు చూశాను.

పని మీద వారానికి ఇరవై గంటల హద్దు ఆ రోజుల్లో చదువుకునేవాళ్లకే ఉండేది. అతనికి హద్దు లేదు. ఆ మాట గొప్పగా చెప్పుకునేవాడు. తెల్లారి ఐదు నుంచి ఒంటిగంటన్నర వరకు ఒక గిడ్డంగిలో పెట్టెలు ఎత్తేవాడు. సాయంత్రం ఆరు నుంచి పదిన్నర వరకు ఒక హోటల్లో గిన్నెలు కడిగేవాడు. మధ్యలో దొరికిన సమయంలో వంట చేసి, కంచె దగ్గర కూర్చునేవాడు.

ఏ కష్టానికైనా అతని దగ్గర ఒకే మాట. "ఏం కాదు, వానొస్తది." మైనస్ ముప్పై ఒకటిలో బస్సు తప్పిపోయినా అదే. డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పినా అదే. ఒకసారి నాకు విసుగొచ్చి, "ఇక్కడ వచ్చేది వాన కాదు నాయనా, మంచు" అన్నాను.

"మంచంటె ఏంది పెద్దమ్మా, ఆగి నిలబడ్డ వానే గద."

పెద్దమ్మ అని పిలవడం అప్పటికే మొదలైంది. ఎప్పటి నుంచో నేను రాసుకోలేదు. పుస్తకంలో లేని సంగతులు నాకు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

పుస్తకం గురించి చెప్పాలి. నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ విత్తన పరీక్షా కేంద్రంలో పని చేశాను. తడి కాగితం మీద గింజలు పరిచి, లెక్క ప్రకారం రోజులు ఆగి, మొలిచినవి ఎన్ని, వంకరగా మొలిచినవి ఎన్ని, చచ్చినవి ఎన్ని అని రాయడం నా ఉద్యోగం. రిటైరై ఇక్కడికి వచ్చాక ఆ చెయ్యి ఊరుకోలేదు. ప్రతి రోజూ పొద్దు పొడిచిన వేళ, కుంకిన వేళ, ఎక్కువ వేడి, తక్కువ వేడి రాస్తాను. చివర విశేషం అని ఒక గడి. మా అమ్మాయి, "అమ్మా, ఇవన్నీ ఫోన్‌లో ఫ్రీగా ఉంటాయి, ఎందుకు స్ట్రెయిన్ అవుతావ్" అంటుంది. ఫోన్‌లో ఉండటం వేరు, నేను చూసి రాయడం వేరు అంటాను. ఆ గొప్ప ఇప్పుడు నాకు లేదు.

ఆ డబ్బాలో బూడిద ఉంది. బూడిదలో చిక్కుడు గింజలు ముప్పై రెండు. నేను ఒక్కొక్కటే లెక్కపెట్టాను. అతను బొటనవేలు మిగతా వేళ్ల గణుపుల మీద ఆడించి నాకన్నా ముందే ముప్పై రెండు అన్నాడు. ఆ డబ్బా విమానం ఎలా దాటిందో నేను అడగలేదు.

వాళ్లమ్మ గింజలు అవి. జనగాం దగ్గర వాళ్ల ఊళ్లో ఒక కరువు ఏట వరసగా ఆరు బోర్లు వేశారట, ఆరూ ఎండాయట. పత్తి ఎండింది, మొక్కజొన్న ఎండింది. వాళ్లమ్మ గిన్నెలు కడిగిన నీళ్లు మాత్రం దడి మీది చిక్కుడుకు పోసేది. "ఆకంత రాల్చింది పెద్దమ్మా. మూడాకులున్నయి, గంతే. గని కాయ ఇడువలే. ఆ ఏడు మేం తిన్న కూర అదొక్కటే." చేతులు రెండూ చాపి ఎండిన తీగ ఎలా వేలాడేదో చూపించేవాడు. "కష్టమొస్తె అది ఆకిడుస్తది, కాయ ఇడువది. నేను ఆడ నేర్చుకున్న" అనేవాడు.

తల్లి పోయింది. పొలం ఈ చదువు కోసం అమ్మేశారు. ఊళ్లో ఆ దడి కూడా లేదు. ఆ గింజ ఇంకెక్కడా లేదు. విత్తనం ఏటా కొంత చచ్చిపోతుంది. అది నేను అతనికి చెప్పాల్సిన పని లేదు. ఒక పంట కాయించి కొత్త గింజ తీస్తేనే అది నిలుస్తుంది. అతను ఈ దేశంలో సొంతంగా కోరుకున్నది అదొక్కటే. మిగతావన్నీ మేడం కోసం.

"ముందు పరీక్ష చేయాలి. నాలుగు వందల గింజలు కావాలి" అన్నాను.

"నాలుగు వందలుంటె నీతోటి ఎందుకు మాట్లాడుత పెద్దమ్మా, దుకాణం పెట్టుకుంట" అన్నాడు.

పదహారు పెట్టాం. పదమూడు మొలిచాయి. నూటికి ఎనభై ఒకటింబావు. చాలా మంచి అంకె. మన దగ్గర చిక్కుడు చలికాలపు కాయ. ఇక్కడి వేసవి దాదాపు మన మార్గశిరంలా ఉంటుంది. కాబట్టి చక్కగా కాస్తుందని ఇద్దరం అనుకున్నాం. జూలై 31న పొడుగైన తీగ పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. పువ్వులు సున్నా.

అతను కంచె ముందు గొంతుక్కూర్చుని దాన్ని తిట్టాడు. "మస్తు బలిసింది పెద్దమ్మా. తిండెక్కువైంది. జర కష్టం తెల్వాలె దీనికి."

నేను సరే అన్నాను. వద్దని ఉండవలసింది. అతనిది రైతు తెలివి, నాది లేబొరేటరీ తెలివి, రెండూ కలిసి ఒకే తప్పు చేశాయి. ఆగస్టు ఆరు నుంచి ఇరవై ఏడు వరకు, ఇరవై ఒక్క రోజులు, నీళ్లు ఆపాం. నేల రూపాయి బిళ్ల పట్టేంత పగిలింది. ఆకులు పండి రాలాయి. వాళ్లమ్మ తీగ రాల్చినట్టే రాల్చింది. పువ్వు మాత్రం పెట్టలేదు. సెప్టెంబరు 22 తెల్లవారుజామున మా పెరట్లో మైనస్ రెండు. పొద్దున చూస్తే తీగంతా ఉడికిన ఆకుకూరలా నల్లగా కంచెకి అంటుకుని ఉంది.

అతను ఒక ఆకుని రెండు వేళ్ల మధ్య రుద్దాడు. "ఏం కాదు" అన్నాడు. వాన సంగతి అనలేదు.

నవంబరు 27, ఆదివారం, మధ్యాహ్నం. బయట మంచు, చేయడానికి ఏమీ లేక నా పుస్తకం నేనే చదువుకుంటున్నాను. జూన్ 21 దగ్గర ఆగిపోయాను. పొద్దు పొడిచింది నాలుగూ నలభై ఏడు, కుంకింది తొమ్మిదీ పదమూడు. పదహారు గంటల ఇరవై ఆరు నిమిషాల పగలు. నా చేతి రాతే. మన ఊళ్లో చిక్కుడు పూసే రోజుల్లో పగలు పదకొండు గంటల పైన కొంచెం. ఆ తీగ చూసేది చలిని కాదు, రాత్రి పొడుగుని. రాత్రులు పొడుగైతే తప్ప అది పూయదు. నా ముందు రెండు వరసల అంకెలు ఆర్నెల్లుగా ఉన్నాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడం నాకు తోచలేదు.

బేస్‌మెంట్‌కి పదమూడు మెట్లు. మోకాళ్ల వల్ల నేను ఎప్పుడూ దిగను. ఆ రోజు దిగాను. అతను అన్నం వడ్డించుకుంటున్నాడు, ఆమె మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ఉంది. పుస్తకం చూపించి చెప్పాను.

అతను కంచం కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. "అంటె దాన్ని మనం నిద్రపోనియ్యలే. పాపం పిల్లను మూణ్నెల్లు మేల్కొల్పి, పైకెల్లి నీళ్లు బంద్ పెట్టినం."

ఆమె తెర మీద నుంచి తల ఎత్తకుండా, "నీకే లేదు నిద్ర, దానికేం పెడతవ్" అంది.

ముగ్గురం నవ్వాం. నేను కూడా నవ్వాను. పుస్తకంలో విశేషం గడిలో, చిక్కుడు సంగతి తెలిసింది, అని రాసుకున్నాను.

2023 జనవరి 14, శనివారం. మధ్యాహ్నం మా వంటింట్లో టీ తాగుతూ గ్లాసు దించి, పిడికిలి బిగించి వేళ్ల ఎముకలతో రొమ్ము మధ్య రుద్దుకున్నాడు. గ్యాస్ అన్నాడు. అర చెంచా వాము ఇచ్చాను. అది నమిలే లోపు మాటల్లో మా లేబొరేటరీ సంగతి వచ్చింది. పది రోజులు తడిలో ఉన్నా కొన్ని గింజలు ఉబ్బవు, మొలవవు. వాటిని చచ్చిన గింజల కింద రాయకూడదు. తోలు గట్టిది, అంతే. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు మొలుస్తాయి. వాటికి రిపోర్టులో వేరే గడి ఉంటుంది, గట్టి గింజలు అని. ఇదంతా చెప్పి, "నువ్వు ఆ రకం" అన్నాను. నేను మనుషులను మెచ్చుకునేది తక్కువ. అందుకే అతనికి అది బాగా పట్టింది. అప్పటి నుంచి ఎలా ఉన్నావని అడిగితే, "గట్టి గింజ పెద్దమ్మా" అనేవాడు.

నేను చెప్పనిది ఒకటుంది. గట్టి గింజ అని రాసే ముందు ప్రతి గింజనూ పట్టకారుతో నొక్కి చూడాలి. పైకి గట్టిగా కనిపించేవి కొన్ని లోపల కుళ్లి ఉంటాయి. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క గింజకి కూడా ఆ పని నేను మానలేదు.

ఆ ఏడు వేసవికి మా దగ్గర పద్ధతి సిద్ధమైంది. బకెట్లలో పెంచడం, సాయంత్రం ఐదింటికి గరాజ్‌లోకి చేర్చి తలుపు మూయడం, పొద్దున ఏడింటికి బయట పెట్టడం. పద్నాలుగు గంటల చీకటి. గరాజ్ కిటికీకి అతను నల్ల చెత్తసంచులు నాలుగు పొరలు అంటించాడు. వేసవంతా మా అమ్మాయి కారు వీధిలోనే ఉంచింది. మిగిలిన పదహారు గింజల్లో నాలుగు దాచుకుంటానని అతనన్నాడు. నేను లెక్క చెప్పాను. గింజ ముసలిదైంది, ఇంకో ఏడాది డబ్బాలో ఉంటే మొలవదు, అన్నీ పెట్టెయ్యి అన్నాను. నా మాట విన్నాడు. మే ఆరున పదహారూ పెట్టాం. ఏడు మొలిచాయి. నూటికి నలభై మూడు ముప్పాతిక. నా లెక్క నిజమేనని తేలింది.

సాయంత్రం బకెట్లు లోపలికి చేర్చడం అతని వంతు, రెండో పనికి పోయే ముందు. పొద్దున బయటికి తేవడం నా వంతు. బకెట్లు నేను ఎత్తలేనని పాత చెక్కలకి చక్రాలు బిగించి, ఒక్కోదానికి ఒక తాడు కట్టాడు. తాడు చివర గుడ్డ చుట్టాడు, నా అరచెయ్యి ఒరుసుకోకుండా. ఏడు తాళ్లకీ ఏడు గుడ్డలు. అవన్నీ ఆమె పాత చున్నీ ముక్కలు.

జూన్ పదిన చీకటి పెట్టడం మొదలుపెట్టాం. జూలై 18న మొగ్గ. అతను పని నుంచి వచ్చి, బూట్లతోనే గరాజ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చాలాసేపు దాన్ని చూశాడు. "మా అవ్వ వచ్చినట్టున్నది" అన్నాడు. వాళ్లమ్మని అతను అవ్వ అనే అనేవాడు. తర్వాత నా వైపు తిరిగి, "కష్టపెడితె రాలే, నిద్రపుచ్చితె వచ్చింది. చూడు పెద్దమ్మా, ఇన్నేండ్లు నేను దాన్ని తప్పు చదివిన" అన్నాడు.

ఆ మాట నేను పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని, కాయల లెక్కలో పడిపోయాను. చిక్కుడుకు పద్నాలుగు గంటల చీకటి ఇస్తున్న మనిషి తను రాత్రికి నాలుగున్నర గంటలు పడుకుంటున్నాడు. పదిన్నరకి పని దిగి ఇంటికి వచ్చేసరికి పదకొండు. నాలుగుకి ముందే లేవాలి. ఇది కూడా రెండు అంకెల తీసివేతే.

ఆగస్టు 13, ఆదివారం, సాయంత్రం నాలుగూ నలభై. మూడో బకెట్ లాగుతూ ఆగాడు. ఒక చేత్తో గరాజ్ తలుపు చట్రం పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి పిడికిలి రొమ్ము మీద. నుదుటి మీద చెమట, బయట పద్దెనిమిది డిగ్రీలే.

"ఏమైంది?"

"గ్యాసే. ఆ వాము జర ఇయ్యి పెద్దమ్మా."

"ఇది ఎన్నోసారి?"

"నువ్వే గద రాస్తున్నవ్. నీకే తెల్వాలె."

"డాక్టరుకి చూపించుకోవాలి. వెళ్దాం పద, మా అమ్మాయి కారులో."

"పద్దెనిమిదిన మేడంకు ఈ సెమిస్టర్ల ఆఖరి పరీక్ష. పంతొమ్మిదిన పోదాం, ఒట్టు. మేడంకు చెప్పకు, ఆగమైతది. పుస్తకం పక్కకు పెట్టి నా మొకం చూస్కుంట కూసుంటది."

"సరే" అన్నాను.

నన్ను నమ్మి ఒక మాట దాచమన్నాడు కదా అని నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. ఆ రోజు విశేషం గడిలో ఇలా ఉంది: వాము, అర చెంచా. కాయలు తొమ్మిది.

పదహారో తేదీ సాయంత్రం అతను గణుపుల మీద లెక్కపెట్టి, "పదకొండు పెద్దమ్మా. ఇంకో నెలల గింజ ముదురుతది" అని తలుపు మూశాడు. నేను అతని నుంచి విన్న ఆఖరి మాట అది.

పదిహేడు, గురువారం. ఉదయం ఆరూ యాభై. గరాజ్‌కి వెళ్లడానికి చెప్పులు వేసుకుంటున్నాను. కింద నుంచి మెట్ల మీద పరుగు వినిపించింది. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఫోన్ నా వైపు చాపింది. "వీళ్లేమంటున్నరో నాకు సమజైత లేదు ఆంటీ" అంది. ఆమెకి ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చు. మా అమ్మాయి వచ్చి ఫోన్ తీసుకుంది. గిడ్డంగిలో టీ విరామంలో ఐదు నిమిషాలు కూర్చుంటానని మెట్ల మీద కూర్చున్నాడట. లేవలేదు. ముప్పై ఆరేళ్లు.

ఆ తర్వాత రోజులు కాగితాలు, సంతకాలు, ఫోన్లు. ఇరవై రెండున ఆమె అతన్ని తీసుకుని ఊరికి వెళ్లింది. ఇరవై ఆరో తేదీ శనివారం, మా అమ్మాయి ఏదో పెట్టె కోసం గరాజ్ తలుపు తీసి, "అమ్మా" అని పిలిచింది.

ఏడు బకెట్లూ పదహారో తేదీ సాయంత్రం అతను పెట్టిన చోటనే ఉన్నాయి. తొమ్మిదిన్నర రోజులు వెలుతురు లేదు, నీళ్లు లేవు. ఏడు తాళ్లూ ఒకే వైపు సర్ది ఉన్నాయి, పొద్దున నా చేతికి అందేలా.

పదకొండు కాయలూ ఒలిచాను. ముడతలు పడిన గింజలు పంతొమ్మిది దొరికాయి. తడి కాగితం మీద పరిచి, నాలుగో రోజు చూశాను, పదో రోజు చూశాను. ప్రతి గింజనూ పట్టకారుతో నొక్కాను. అన్నీ మెత్తగా దిగిపోయాయి.

ఆ పది రోజుల మధ్యలోనే, ఆగస్టు 29న, పుస్తకం తీసి వాము ఇచ్చిన రోజులన్నీ ఒక కాగితం మీద వరసగా రాశాను. జనవరి 14, మార్చి 5, ఏప్రిల్ 12, మే 13, జూన్ 9, జూలై 2, జూలై 21, ఆగస్టు 4, ఆగస్టు 13. వాటి మధ్య రోజులు: యాభై, ముప్పై ఎనిమిది, ముప్పై ఒకటి, ఇరవై ఏడు, ఇరవై మూడు, పంతొమ్మిది, పద్నాలుగు, తొమ్మిది. ఆ తర్వాత నాలుగు. ఐదో తరగతి పిల్లకి ఇచ్చినా ఈ వరస ఎటు పోతోందో చెబుతుంది.

ఆమె సెప్టెంబరు పదిన తిరిగి వచ్చింది. ఎవరూ అనుకోలేదు. తప్పిపోయిన పరీక్ష డిసెంబరులో రాసింది, పాసైంది. ఒక పొద్దున, మైనస్ ముప్పై నాలుగులో, బస్సు కోసం వాకిలి మెట్లు దిగుతూ, "ఏం కాదు, వానొస్తది" అని తనలో తాను అనుకోవడం విన్నాను. 2024 ఏప్రిల్‌లో చదువు ముగించి మిల్టన్ వెళ్లింది. ఆమె ఓర్పు చూసి ఇక్కడి వాళ్లందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోను. ఒకరి ఓర్పుని ఒకసారి మెచ్చుకుని చూశాను. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా నేను అడిగేది ఒకటే, నిన్న ఎన్ని గంటలు పడుకున్నావని. ఆరు అంటే ఆరు రాసుకుంటాను. ఐదు అంటే రెండోసారి ఫోన్ చేస్తాను.

ఇది ముందు ఆమెకే పంపుతున్నాను. చదివాక నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. అమ్మా, నువ్వు అడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు ఇది.

డబ్బాలో ఉన్న గింజలు ముప్పై రెండు. మొలిచినవి ఇరవై. కాసిన కాయలు పదకొండు. వాటిలో గింజలు పంతొమ్మిది. అందులో మొలిచినవి సున్నా, గట్టి గింజలు సున్నా, చచ్చినవి పంతొమ్మిది. మీ ఆయన నొస్తుందని నా దగ్గర అన్న రోజులు తొమ్మిది. నేను ఇచ్చిన వాము నాలుగున్నర చెంచాలు. మా ఇంటి నుంచి ఆస్పత్రికి కారులో పదకొండు నిమిషాలు. నేను నీతో చెప్పిన రోజులు సున్నా. మనిషి ఒక్కడు.